చెట్టు మీద ఉన్నవాణ్ణి పిలవకూడదు

లేయా ఇంట్లో మనుషుల్ని అన్నానికి పిలిచేది గరిటె. ఇత్తడి గరిటెతో స్టీలు కంచం అంచు మీద రెండు దెబ్బలు వేస్తుంది. ఆ చప్పుడు వినగానే వసారాలో కుర్చీలో కూర్చుని కాయలు కోసే గెడలకు చిక్కాలు అల్లుకునే ఆమె భర్త పాల్ రాజు చేతిలో దారం పక్కన పెడతాడు. కొడుకు సంతోష్ కుమార్ ఇంట్లో ఉన్న రోజుల్లో అదే చప్పుడుకి వీధి చివర నుంచి పరుగెత్తుకొచ్చేవాడు. "మీ ఇంట్లో పూటపూటా చర్చి గంట మోగుతుందేంటి వదినా" అని పక్కింటి దీవెన వేళాకోళం చేస్తుంది. లేయా నవ్వి ఊరుకుంటుంది.

అలాగని ఆమె నోట్లో నాలుక లేని మనిషేం కాదు. ఆమెతో బేరానికి దిగిన కూరగాయల బండివాడు చివరికి దండం పెట్టి ఇచ్చి పోవలసిందే. కానీ దూరాన ఉన్న మనిషిని కేకేసి పిలవమంటే మాత్రం ఆమె గొంతుకు తాళం పడుతుంది. నూజివీడు ట్రిపుల్ ఐటీ హాస్టల్ మెస్సులో ఆమె పని. అక్కడ పొయ్యిల హోరులో, గిన్నెల మోతలో అందరూ అరుచుకునే బతుకుతారు. లేయా మాత్రం ఉప్పు ప్యాకెట్ కావాలన్నా వంటశాల ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి వెళ్ళి, మనిషి భుజం తట్టి అడుగుతుంది. చూసేవాళ్ళు అది మర్యాద అనుకుంటారు. అసలు సంగతి భయం. తాను పిలిస్తే మనుషులు పడిపోతారని లేయా నమ్మకం.

ఈ నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు. దాని వెనక ఒక మామిడిచెట్టు ఉంది.

లేయా పుట్టింది కైకలూరు అవతల, కొల్లేటి పక్కన. అక్కడంతా చేపల చెరువులు, వరిచేలు, మధ్యలో గట్లు. ఒక గట్టు మీది మనిషికి ఇంకో గట్టు మీది మనిషితో పని పడితే చుట్టూ తిరిగి వెళ్ళేసరికి పొద్దుగూకుతుంది. అందుకని ఆ ఊళ్ళో ఎవరికైనా గొంతే మొదటి ఆస్తి. లేయాది మరీ పెద్ద గొంతు. అవతలి గట్టున చేపలకు మేత చల్లే తండ్రిని ఇవతలి నుంచి పిలిస్తే, ఆయనతోపాటు నీళ్ళలో కొంగలు కూడా లేచేవట. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆమే. పెళ్ళిచూపులకు వచ్చిన పాల్ రాజు పిల్ల మొహం సరిగ్గా చూడనేలేదని, ఆ పాట విని సరేనన్నాడని రెండు వైపుల పెద్దలూ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

పాల్ రాజుది మెట్ట ప్రాంతం. నూజివీడు నుంచి జి. కొండూరు వైపు పోయే దారిలో, ఎటు చూసినా మామిడితోటలే ఉన్న ఊరు. ఆయన చెట్టెక్కి కాయ కోసే మనిషి. ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. చెట్టు మీద ఉన్నవాణ్ణి పిలవకూడదు. పిలిస్తే అలవాటు కొద్దీ తల తిప్పుతాడు, తలతోపాటు ఒళ్ళు తిరుగుతుంది, ఒంటితోపాటు కాలు కదులుతుంది. అందుకని కిందివాళ్ళు ముందు కర్రతో మాను మీద రెండు దెబ్బలు వేయాలి. అది విని పైవాడు చేతికందిన కొమ్మను గట్టిగా పట్టుకుని "ఊఁ" అంటాడు. పట్టుకున్నాను, ఇక చెప్పు అని దాని అర్థం. ఆ "ఊఁ" వినపడ్డాకే ఏ మాటైనా. మేస్త్రీ దగ్గర్నుంచి, కింద గోనెపట్టా చాపి కాయలు పట్టే పిల్లల దాకా తోటలో అందరికీ ఇది ఉగ్గుపాలతో వచ్చిన సంగతి. లేయాకు కూడా కాపురానికి వచ్చిన కొత్తల్లోనే అత్తగారు చెప్పింది. లేయా తలూపింది. తెలియక చేసిన తప్పయితే తరువాత ఆమెకు ఇంత గుండెకోత ఉండేది కాదు.

తొమ్మిదేళ్ళ కిందట, రసాలు కోస్తున్న ఒక మే నెల మధ్యాహ్నం, ఆమె అన్నం క్యారేజీ పట్టుకుని తోటకు వెళ్ళింది. నేల పెనంలా కాలుతోంది. లారీ వచ్చిందని మేస్త్రీ రోడ్డు మీదికి పోయాడు. పాల్ రాజు ఒక పాత చెట్టు చిటారున ఉన్నాడు. చెట్టు దాకా నడిచి వెళ్ళి, కర్ర వెతికి, మాను మీద కొట్టాలి. ఆ ఎండలో అదంతా పెద్ద పనిలా తోచింది. కంచె దగ్గరే నిలబడి, పుట్టింటి గట్టు మీద నిలబడ్డట్టే గొంతెత్తి పిలిచింది.

"ఏవండీ, అన్నానికి రండి."

ఆయన తిరిగాడు. నవ్వాడు కూడా. "వస్తున్నా" అన్నాడు. ఆ తరువాత ఆకుల చప్పుడు వినపడింది, ఆ తరువాత నేల చప్పుడు.

పాల్ రాజు బతికాడు. నడుము కింద సత్తువ పోయింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి మొదట అన్న మాట, "కొమ్మ విరిగింది" అని. చూడవచ్చిన వాళ్ళందరికీ అదే చెప్పాడు, లేయాకూ అదే చెప్పాడు. కానీ ఆ కొమ్మ విరగలేదు. మరుసటి ఏడు నిక్షేపంగా కాయలు కాసింది. తోటలో అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. భర్త అబద్ధమాడి తనను కాపాడుతున్నాడని లేయాకు అర్థమైంది. అర్థమైన కొద్దీ భయం పెరిగింది. తన గొంతు ఏ మనిషిని ఎప్పుడు కింద పడేస్తుందోనని దాన్ని లోపలే కట్టేసుకుంది. పాట ఎత్తుకోవడం మానేసింది. పిలవడం మానేసింది. ఇంట్లోకి గరిటె వచ్చింది.

ఆ రోజు గోనెపట్టా పట్టిన పిల్లల్లో సంతోష్ కూడా ఉన్నాడు. అప్పటికి వాడికి పదకొండేళ్ళు. పట్టా తప్పి పడే కాయకు మిగతా పిల్లలు నెత్తి కాపాడుకుంటూ పక్కకు జరిగితే వాడు ఎదురు పరుగెత్తి, నేల తాకేలోపు దొరకబుచ్చుకునేవాడు. హైస్కూల్లో వ్యాయామం మాస్టారు వెంకటరమణ గారు అది చూశారు. "పడేదానికి ఎదురెళ్ళే పిల్లాణ్ణి నేనెక్కడా చూళ్ళేదమ్మా, వీణ్ణి నాకివ్వండి" అని వాడి చేతిలో హాకీ కర్ర పెట్టారు. నేల మీద ఆడే ఆట కదా, చెట్టెక్కే పని లేదు కదా అని లేయా ఊపిరి పీల్చుకుంది. పిల్లవాడు స్పోర్ట్స్ హాస్టల్‌కు వెళ్ళాడు, జిల్లా జట్టులో ఆడాడు, రాష్ట్రానికి ఆడాడు, ఇరవై ఏళ్ళకు భారత జూనియర్ జట్టు చొక్కా తొడుక్కున్నాడు. ఊళ్ళో బ్యానర్ కట్టారు. చర్చిలో ప్రత్యేక ప్రార్థన పెట్టారు. అంతా బాగానే ఉందనుకుంటుండగా దీవెన తన సెల్‌ఫోన్‌లో సంతోష్ ఆట చూపించింది. ఆ నిమిషాన లేయా గుండెల్లో రాయి పడింది.

హాకీలో పెనాల్టీ కార్నర్ అని ఒకటి ఉంటుంది. అవతలివాడు గోలుకు గురిపెట్టి బంతిని కర్రతో ఈడ్చి రివ్వున విసురుతాడు. అది రాయిలాంటి బంతి. కాపాడేవాళ్ళు గోలు గీత దగ్గర కాచుకుని, ఆట మొదలవగానే ఎదురు పరుగెత్తాలి. అందరికంటే ముందు, సూటిగా ఆ బంతి దారిలోకే పరుగెత్తేవాడు ఒకడు ఉంటాడు. కర్రకు తగిలితే కర్రకు, కాలికి తగిలితే కాలికి, ఏదైతేనేం గోలు పడకూడదు. భారత జట్టులో ఆ ఒకడు సంతోష్.

"అంతమందిలో వేరేవాళ్ళు లేరా నాన్నా?" అని ఆ వారం వాడు ఫోన్ చేసినప్పుడు అడిగింది.

"ఉన్నారమ్మా. నేనే అడిగి తీసుకున్నా. మొహానికి మాస్క్ ఇస్తారు, మోకాళ్ళకి ప్యాడ్లు ఇస్తారు. చిన్నప్పుడు రసాలు పట్టలేదా, ఇదీ అంతే."

"రసం తగిలితే చొక్కా పాడవుద్ది. ఇది తగిలితే..." అని లేయా ఆగిపోయింది. ఆ మాట పూర్తి చేయడానికి కూడా భయమే. తన నోట్లోంచి వెళ్ళిన మాట ఊరికే పోదని ఆమెకు అనుభవం.

అప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు కరువైంది. మెస్సులో పిండి కలుపుతుంటే బంతి కనపడేది. పూరీ నూనెలో పొంగుతుంటే వాచిన కణత కనపడేది. తనంత తానుగా కొడుక్కి ఎన్నడూ ఫోన్ చేసేది కాదు. తాను చేసిన ఫోను వాడు మైదానంలో ఉండగా ఎక్కడో మోగుతుందని, వాడు తల తిప్పుతాడని ఆమె బెంగ. ఫోను బ్యాగులో ఉంటుందనీ, ఆడేవాళ్ళ దగ్గర ఉండదనీ సంతోష్ ఎంత చెప్పినా ఆమె చెవికెక్కేది కాదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మనవులు చెప్పుకునే వేళ, మిగతావాళ్ళు భారత్ గెలవాలని అడిగేవారు. లేయా మాత్రం, "వాడు ఎట్టా వెళ్ళాడో అట్టాగే ఇంటికి రావాలి" అనేది. పాస్టర్ గారికి ఆ మనవి చప్పగా అనిపించేదేమో, చివర్లో ఆయన గెలుపు కూడా కలిపేవారు.

డిసెంబరులో చెన్నైలో జూనియర్ కుర్రాళ్ళ అంతర్జాతీయ హాకీ పోటీలు పెట్టారు. చాలా దేశాల జట్లు వచ్చాయి. భారత్ ఒక్కో మ్యాచూ గెలుస్తూ సెమీఫైనల్‌కు చేరేసరికి సంతోష్ ఫోన్ చేశాడు. జట్టులో అందరి అమ్మానాన్నలూ వస్తున్నారట. నాన్న అంత దూరం రాలేడు, నువ్వైనా రా అన్నాడు. మాస్టారు తీసుకొస్తానన్నారట. చూద్దాంలే అని ఫోన్ పెట్టేసి లేయా వసారాలోకి వచ్చి కూలబడింది.

"నేను వెళ్ళనండీ. టీవీలో చూసే గుండే లేదు నాకు, ఎదురుగా ఏం చూస్తాను?"

పాల్ రాజు చిక్కం ముడి వేస్తూ, "నువ్వు చూడకపోతే బంతి రావడం మానేస్తుందా?" అన్నాడు.

"నేనక్కడుండి, తట్టుకోలేక నోరు జారితే?"

"జారితే జారింది. వేలమంది అరుస్తుంటారు, నీదొక లెక్కా?" అని నవ్వబోయి ఆయన ఆగిపోయాడు. తొమ్మిదేళ్ళుగా ఇద్దరూ తప్పించుకు తిరుగుతున్న మాటకు మరీ దగ్గరగా వచ్చేశారు. ఆయన ముడి బిగించి దారం కొస పళ్ళతో కొరికాడు. తరువాత, "వాడు అడిగాడు. వెళ్ళు. నోరు మూసుకుని కూర్చుంటానంటే కూర్చో" అన్నాడు.

వెళ్ళక తప్పింది కాదు. కొడుక్కి ఇష్టమని మాగాయ సీసా చీర మడతల మధ్య సర్దుకుంది. బస్సులో విజయవాడకు, అక్కడి నుంచి రైల్లో చెన్నైకి. దారి పొడవునా వెంకటరమణ మాస్టారు ఆటలో నియమాలు వివరించారు. లేయా తలూపుతూ వింది కానీ ఒక్క ముక్క బుర్రలోకి పోలేదు. ఆమె మనసు ఒక్కచోటే ఉంది. నేను నోరు తెరవకూడదు. ఏం జరిగినా తెరవకూడదు.

మ్యాచ్ సాయంత్రం. మైదానం నీలంగా, తడిగా మెరుస్తోంది. ఆటగాళ్ళ తల్లిదండ్రులకు గోలు పక్కనే ముందు వరసలో చోటిచ్చారు. సంతోష్ ఒకసారి ఇటు చూసి కర్ర ఎత్తి ఊపాడు. పక్కనున్న తల్లులు తమ పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. లేయా చెయ్యి మాత్రం ఊపి, కొంగు ముడి నోట్లో కుక్కుకుని పళ్ళతో నొక్కిపట్టింది. మాస్టారు అది చూసి చలేస్తోందా అమ్మా అని అడిగారు.

మొదటి పెనాల్టీ కార్నర్ వచ్చినప్పుడు సంతోష్ మాస్క్ పెట్టుకుని గీత దగ్గర వంగి నిలబడ్డాడు. ఆమెకు వాడి మొహం కనపడలేదు. అటు బంతి కదిలింది, ఇటు వాడు దూసుకుపోయాడు, ఫట్‌మని చప్పుడైంది. బంతి వాడి కర్రకు తగిలి పక్కకు పోయింది. స్టేడియం అంతా లేచింది. లేయా పైప్రాణాలు పైనే పోయాయి. అంతటితో అయితే ఎలాగో భరించేదేమో. మైకులో ఎవరో వాడి పేరు గట్టిగా చదివారు. జనం అందుకున్నారు. సంతోష్, సంతోష్, సంతోష్ అని మూడు వైపుల నుంచీ ఒకటే కేక.

లేయాకు ఒళ్ళంతా చెమట పట్టింది. చెట్టు కింద ఊరంతా చేరి పైవాణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది ఆమెకు. ఒక్కరు కూడా మాను మీద కొట్టలేదు. ఒక్కరు కూడా వాడి "ఊఁ" కోసం ఆగలేదు. పిలవొద్దని చెప్పండి మాస్టారూ అని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ హోరులో, నోట్లో కొంగుతో ఆమె అన్నది ఆయనకు ఏమీ వినపడలేదు. మనవాడి పేరమ్మా, మనవాడి పేరు అని కళ్ళనీళ్ళతో నవ్వుతున్నారాయన.

రెండో కార్నర్ వాడి మోకాటి ప్యాడ్‌కు తగిలింది. కుంటుకుంటూ లేచి మళ్ళీ గీత దగ్గరికి వచ్చాడు. వెంటనే మూడోది. జనం ముందుగానే పేరు అందుకున్నారు. వాడు కదిలాడు. పరుగు మధ్యలో వాడి తల రవ్వంత పక్కకు తిరిగినట్టు లేయాకు కనపడింది. నిజంగా తిరిగిందో, ఆమె భయమే తిప్పిందో దేవుడికి తెలియాలి. బంతి మాస్క్ పట్టీ పైన, చెవి మీదుగా తగిలింది. ఈసారి చప్పుడు వేరుగా ఉంది. సంతోష్ పక్కకు ఒరిగి, చేతులైనా అడ్డం పెట్టుకోకుండా పడిపోయాడు.

జనం చప్పబడ్డారు. తోటలో ఆ రోజు కూడా ఇలాగే, కాయలు కోసేవాళ్ళందరూ ఒక్కసారిగా చప్పబడ్డారు. లేయా లేచి నిలబడింది. కొంగు ఇంకా నోట్లోనే ఉంది. స్ట్రెచర్ పట్టుకుని మనుషులు లోపలికి పరుగెత్తడం, వాడి మెడకు పట్టీ బిగించడం, వాడి బూట్ల కొసలు పైకి తిరిగి ఉండడం ఒక్కొక్కటే కనపడ్డాయి. నేను నోరు తెరవలేదు, ఈసారి నేను పిలవలేదు ప్రభువా అని లోపల గొణుక్కుంది. ఆ మాటతో ఏ ఊరటా కలగలేదు.

ఎవరో వచ్చి తల్లి ఎవరని అడిగారు. మాస్టారు ఆమెను రెక్క పట్టుకుని మెట్లు దించి, స్టేడియం కింద ఉన్న వైద్యం గదికి తీసుకెళ్ళారు. గది తెల్లగా, చల్లగా ఉంది. స్ట్రెచర్ మీద సంతోష్ పడుకుని ఉన్నాడు. చెవి పైన నిమ్మకాయంత బొప్పి. కళ్ళు మూసుకునే ఉన్నాయి. డాక్టరమ్మ వాడి చేతి గోరు నొక్కుతోంది, రెప్ప ఎత్తి లైటు వేస్తోంది, చెవి దగ్గర పేరు పెట్టి పిలుస్తోంది. వాడు మూలుగుతున్నాడు తప్ప పలకడం లేదు. ఆమె అరవంలోనూ ఇంగ్లీషులోనూ గబగబా ఏదో చెప్పింది. మాస్టారు లేయా వైపు తిరిగారు.

"నాడి బాగానే ఉందంటమ్మా. ఊపిరీ బాగానే ఉంది. అంబులెన్స్ తెస్తున్నారు, స్కానింగ్‌కి తీసుకెళ్తారు. ఈలోగా మనిషి తెలివిలోకి రావాలంట. అలవాటైన గొంతు వింటే పలుకుతాడేమో, మిమ్మల్ని పిలవమంటున్నారు."

"నేనా?" అంది లేయా కొంగు చాటు నుంచే.

"మీరేనమ్మా. పేరు పెట్టి గట్టిగా పిలవండి."

లేయా వెనక్కి ఒక అడుగు వేసింది. ఈ గదిలో ఇంతమందికీ వాడు స్ట్రెచర్ మీద కనపడుతున్నాడు. ఆమెకు మాత్రం వాడు ఎక్కడో చిటారుకొమ్మన, ఒక్క చేత్తో ఏ రెమ్మనో పట్టుకుని వేలాడుతున్నట్టు ఉంది. పిలిస్తే తిరుగుతాడు. తిరిగితే వదిలేస్తాడు. మొగుణ్ణి కుర్చీలో కూలేసిన గొంతు ఇది, కొడుకును ఏం చేస్తుందో. పిలవకపోతే డాక్టరమ్మ భయపడుతున్నది జరుగుతుంది, పిలిస్తే తాను భయపడుతున్నది జరుగుతుంది. ఆమె అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది.

"అమ్మా, త్వరగా" అన్నారు మాస్టారు.

లేయా స్ట్రెచర్ దగ్గరికి వచ్చింది. నోట్లోంచి కొంగు తీసింది. పిలవలేదు. మెడలో తాళం చెవి దారం ఉంది, ఇంటి తాళం చెవి. దాన్ని చేతిలోకి తీసుకుని స్ట్రెచర్ ఇనుప కమ్మీ మీద, కొడుకు తల పక్కన, రెండు దెబ్బలు వేసింది. టక్, టక్.

డాక్టరమ్మ తెల్లబోయి మాస్టారి వంక చూసింది. మాస్టారికీ ఏమీ పాలుపోలేదు. సంతోష్ కదల్లేదు. లేయా ఆగింది. పైవాడు పట్టుకునేదాకా ఆగాలి. ఇంతకు ముందు ఒకసారి ఆగలేదు. బయట అంబులెన్స్ వెనక్కి వస్తున్న చప్పుడు వినపడింది. మాస్టారు మళ్ళీ ఏదో అనబోతే చేత్తో వారించింది. ఈసారి ఇంకొంచెం గట్టిగా, కమ్మీ అదిరి ఆ అదురు వాడి తలకింద దాకా పాకేలా కొట్టింది. టక్, టక్.

సంతోష్ కుడిచెయ్యి పక్కబట్ట మీద వెతుక్కుంటూ కదిలింది. కమ్మీ దొరికింది. వేళ్ళు దాని చుట్టూ బిగుసుకున్నాయి.

"ఊఁ" అన్నాడు.

డాక్టరమ్మకు అది ఇంకో మూలుగు. లేయాకు మాత్రం అది జవాబు. పట్టుకున్నాడు. నా బిడ్డ పట్టుకున్నాడు. ఆమె గుండె నిండా గాలి పీల్చుకుంది. తొమ్మిదేళ్ళుగా కట్టేసి ఉంచిన గొంతు విప్పింది. చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పిలిచినట్టు పిలిచింది.

"సంతోషూ, అన్నానికి రా."

తలుపు దగ్గరున్న సెక్యూరిటీ మనిషి ఉలిక్కిపడి లోపలికి తొంగిచూశాడు. సంతోష్ రెప్పలు అదిరాయి, అతుక్కున్నవి విడినట్టు మెల్లగా తెరుచుకున్నాయి. కళ్ళు అటూ ఇటూ తిరిగి తల్లి మొహం మీద ఆగాయి. పెదాలు తడుపుకున్నాడు.

"ఏం కూరమ్మా?"

ఏం అడుగుతున్నాడని డాక్టరమ్మ ఆత్రంగా అడిగితే, మాస్టారు ఏడుస్తూ నవ్వుతూ కూర సంగతి ఇంగ్లీషులో చెప్పారు. "మాగాయ తెచ్చాను నాన్నా" అని ఎలాగో అనగలిగింది లేయా. వాడు కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, బంతి లోపలికి పోయిందా అని అడిగాడు. పోలేదు. తల మీదినుంచి ఎగిరి పక్కకు పడింది. ఆ సంగతి ఆమెకు తెలియదు, మాస్టారే చెప్పారు.

స్కానింగ్‌లో లోపల ఏమీ చితకలేదని తేలింది. అయినా కనిపెట్టుకుని ఉండాలన్నారు. ఈ పోటీల్లో వాడింక ఆడకూడదు, ఆ తరువాత ఎప్పుడన్నది డాక్టర్లు చెప్పాలి. వాడు అలిగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పడుకున్నవాడి వీపు పైకీ కిందికీ కదులుతోందో లేదో చూస్తూ లేయా తలుపు దగ్గర నిలబడింది. భయం పోయిందా అంటే పోలేదు. ఇకముందు వాడు గీత దగ్గర వంగిన ప్రతిసారీ ఆమెకు ఇదే చెమట పడుతుంది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలుసు.

సంచిలో ఫోన్ అప్పటికి ఎన్నిసార్లు మోగిందో. కారిడార్‌లోకి వచ్చి భర్తకు ఫోన్ చేసింది. వాడు పడడం వరకు పాల్ రాజు టీవీలో చూశాడు. తరువాత మాస్టారు చేసిన ఫోన్‌తో కుదుటపడ్డాడట.

"పిలవమన్నారండీ నన్ను" అంది లేయా.

"మాస్టారు చెప్పారు."

"ముందు కొట్టాను. పలకలేదు. మళ్ళీ కొట్టాను. ఊఁ అన్నాడు. అప్పుడే పిలిచాను." ఆమె గోడకు చేరబడింది. "ఆ రోజు కొట్టలేదండీ నేను. కొమ్మ విరగలేదు."

అటు టీవీ కట్టేసిన చప్పుడైంది.

"విరగలేదులే" అన్నాడు పాల్ రాజు. "నువ్వు పిలిస్తే తిరిగాను, నిజమే. తిరిగినా ఒక చెయ్యి కొమ్మ మీదే ఉంది. నీకు చెయ్యి ఊపుదామని అది కూడా వదిలేశాను. పదకొండేళ్ళ కొడుకున్నోణ్ణి, కొత్త పెళ్ళికొడుకులాగా. నీ గొంతు వింటే చెట్టు మీదున్న సంగతే గుర్తుండేది కాదే నాకు. నలుగురిలో ఆ మాట చెప్పుకోడానికి సిగ్గేసి కొమ్మ మీదికి నెట్టాను."

లేయా ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"నిన్ను కాపాడడానికి అన్నాననుకున్నావా?"

"ఊఁ."

"నా సిగ్గు కాపాడుకున్నానే. ఇన్నేళ్ళూ గరిటె చప్పుడుకి తిన్నాను, దానికి శిక్ష. ఇంటికొచ్చాక దాన్ని అటకెక్కించు. కుర్చీలోంచి నేను పడేదేం లేదు."

లేయా కొంగుతో మొహం తుడుచుకుంది. కారిడార్‌లో పోతున్న నర్సు వెనక్కి తిరిగి చూసేంత గొంతుతో, "ఏవండీ" అని పిలిచింది.

పిలిచి, ఆగింది.

"ఊఁ" అన్నాడు పాల్ రాజు.

"వేళ దాటిపోయింది, అన్నం తినండి."